భుజం తట్టే రోజు

శుభవార్త వచ్చేసరికి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ డాబా మీద తడి దుప్పటి పిండుతున్నారు.

ఆ కొసన మాస్టారు, ఈ కొసన ఆమె. ఎవరి కుడివైపుకి వాళ్ళు మెలిపెడితే నీళ్ళు ధారకట్టాలి. ఆమె మాత్రం కావాలనే ఎడమవైపుకి తిప్పుతోంది. దుప్పటి మొత్తం ఇరుసులా గిరగిరా తిరుగుతోందే గాని చుక్క నీరు రాలడం లేదు.

“ఎక్కడో లెక్క తప్పుతోంది,” అన్నాడు మాస్టారు కనుబొమలు ముడిచి. పదో తరగతికి లెక్కలు చెప్పే మనిషి మరి.

“లెక్కలు మీ సబ్జెక్టు. నేను సైన్సు టీచర్ని, నన్నడక్కండి,” అందామె పెదవి కొరుక్కుంటూ.

పెళ్ళయి మూడు నెలలు. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి ఉండటం చూసినా ఆమెకి ఇంకా నవ్వొస్తూనే ఉంది. ఒకే బడికి ఒకే స్కూటరు మీద వెళ్ళి, స్టాఫ్ రూములో ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని, ఏమీ ఎరగనట్టు “నమస్తే సార్”, “నమస్తే మేడమ్” అనుకోవడమంటే మరీ సరదా.

ఇంట్లో మాత్రం గురువారం నుంచి సరదా లేదు. అత్తగారు కోడలితో మాట్లాడటం మానేశారు.

మానేశారంటే నోరు మూసుకోలేదు. కోడలికి చెప్పాల్సినవన్నీ గోడకి చెబుతున్నారు. “కూరలో ఉప్పు తగ్గిందే గోడా.” “పంపు కట్టేయకుండా పోతే నీళ్ళు ఎవరబ్బ సొమ్మే గోడా.” నాలుగు రోజులుగా వంటింటి గోడకి ఈ వీధిలో ఎవరికీ తెలియనన్ని సంగతులు తెలిశాయి.

కారణం గురువారం స్టాఫ్ మీటింగు. బడి నడిపే కరస్పాండెంటు గారు కుర్చీలో వెనక్కి వాలి, “ఈసారి పదో తరగతిలో తీసేయాల్సినవాళ్ళెవరో క్లాసు టీచరు చెప్పాలి,” అన్నారు. పదో తరగతి క్లాసు టీచరు ఆమే. లేచి నిలబడి, “చెప్పనండి,” అంది. అంతే. ఆ ఒక్క మాటకి గదిలో ఫ్యాను చప్పుడు కూడా పెద్దదైపోయింది.

ఇప్పుడు తీగమీద విప్పి తగిలించిన మాస్టారి చొక్కా జేబులో ఫోను మోగింది. పిండుతున్న దుప్పటి ఒక చేత్తో పట్టుకునే ఆయన ఫోనెత్తాడు. బడి గుమాస్తా గొంతు. ఆ మనిషి ఫోనులో మాట్లాడితే పక్కింటికి కూడా మళ్ళీ చెప్పక్కర్లేదు.

“మాస్టారూ! కూర్చున్నారా, నిలబడ్డారా? నిలబడితే కూర్చోండి. రేపట్నుంచి మన బడికి ఇన్‌చార్జి హెడ్మాస్టరు మీరే! కరస్పాండెంటు గారు స్వయంగా చెప్పమన్నారు!”

“సరేనండి,” అన్నాడు మాస్టారు.

ఆయన పుట్టిన దగ్గర్నుంచి దేనికీ కాదన్న మనిషి కాదు. సెలవు రోజు డ్యూటీ వేస్తే సరేనండి. పక్క టీచరు క్లాసు అంటగడితే సరేనండి. అందుకే పిల్లలూ పెద్దలూ అంతా ఆయనకి సరేనండి మాస్టారని పేరు పెట్టారు. పెళ్ళిచూపుల్లో ఈమె “నాకు ఉద్యోగం మానడం ఇష్టం లేదండీ, వంట కూడా సరిగా రాదు, నోరు కాస్త ఎక్కువ,” అని వరసపెట్టి చెబితే దానికీ అదే మాట. ఈమె అక్కడికక్కడే పడిపోయింది.

ఫోను పెట్టేశాక ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఆమె తన కొస వదిలేసింది. దుప్పటి సగం నేలమీద పడింది. పడితే పడనీ!

“హెడ్మాస్టరు! మా ఆయన హెడ్మాస్టరు!” తడి చేతులతోనే ఆయన రెండు చెవులూ పట్టుకుని ఊపేసింది. “ఆ గుండ్రటి బల్ల ముందు కూర్చుంటారా? ఆ గంట నొక్కుతారా? నేను ఆలస్యంగా వస్తే నన్ను నిలబెడతారా?”

“నువ్వు ఆలస్యమైతే నేనూ ఆలస్యమేగా. ఒకటే స్కూటరు.”

“అమ్మో, ఇద్దరం కలిసి గోడకుర్చీ వేద్దాం!”

మెట్ల మీద అడుగుల చప్పుడు. అత్తగారు ఒక్కో మెట్టుకీ మోకాలు పట్టుకుంటూ పైకొచ్చారు.

“ఏమైందే అమ్మాయ్? ఎందుకా కేకలు?”

అన్నాక నాలుక కరుచుకున్నారు. గోడతో అనాల్సిన మాట కోడలితో అనేశారు. కానీ కోడలు అప్పటికే వచ్చి మీద పడిపోయింది.

“అత్తయ్యా! మీ అబ్బాయి హెడ్మాస్టరయ్యారు!”

అత్తగారు డాబా పిట్టగోడ మీద కూలబడ్డారు. ఆవిడ అదే బడిలో కుట్లూ అల్లికలూ నేర్పి రిటైరైన టీచరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ హెడ్మాస్టరు గది గుమ్మం బయటే నిలబడి మాట్లాడారు. ఆ గదిలో తన కొడుకు! పైటచెంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. అద్దాలకేమీ కాలేదు పాపం, తడి కళ్ళదే.

“టీ పెడతాను పదండి,” అన్నారు చివరికి. “ఆ దుప్పటి ముందు మళ్ళీ జాడించవే. మట్టి అయింది.”

నాలుగు రోజుల మౌనం అలా దుప్పటితో జాడించుకుపోయింది.

*

టీలో ముంచిన బిస్కెట్టు నోటి దాకా రాకుండానే ఆమెకి ఆ మాట తట్టింది.

“రేపట్నుంచే ఎందుకు?”

బిస్కెట్టు తునిగి కప్పులో పడిపోయింది.

“ఏం, రేపు మంచిరోజు కాదా?” అన్నారు అత్తగారు.

“ఇప్పుడున్న హెడ్మిస్ట్రెస్ పెద్ద మేడమ్ ఇంకా రిటైరవలేదుగా. మోకాలి నొప్పని నిన్ననేగా సెలవు పెట్టారు. రెండు రోజులు ఆగొచ్చుగా. రేపే ఎందుకు?”

ఎందుకో ముగ్గురికీ తెలుసు. తెలిసిన మాట పైకి అనడానికి ముగ్గురికీ నోరు రావడం లేదు.

రేపు భుజం తట్టే రోజు.

లోకంలో ఏ బడిలోనైనా మాస్టారు భుజం తట్టారంటే పిల్లలు మురిసిపోతారు. ఈ బడిలో ఒక్క రోజు మాత్రం వణికిపోతారు. పబ్లిక్ పరీక్షకి పేర్లు పంపే ముందు, ప్రతి ఏడూ ఒక ఉదయం, హెడ్మాస్టరు పదో తరగతిలోకి వస్తారు. ఏమీ మాట్లాడరు. బెంచీల మధ్య నడుచుకుంటూ పోతారు. తప్పుతారనుకున్న పిల్లల భుజం మీద మెల్లగా తడతారు. తట్టించుకున్న పిల్లలు సంచి సర్దుకుని లేచి, కుట్టు గదిలోకి వెళ్ళి కూర్చోవాలి. పెద్దవాళ్ళు వస్తారు. “చదువెక్కడికి పోతుందండీ, వచ్చే ఏడాది ప్రైవేటుగా రాయించండి,” అని తియ్యగా చెప్పి పంపేస్తారు. ఏడాది చివర బడి గేటు మీద “నూటికి నూరు శాతం” అని బ్యానరు కడతారు.

అంతా నోటిమాట, చేతిసైగ. ఎక్కడా ఒక్క అక్షరం ఉండదు. అలా వెళ్ళినవాళ్ళలో మళ్ళీ పుస్తకం పట్టినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు.

“మీకు హెడ్మాస్టరు పదవి ఇవ్వలేదు,” అందామె మెల్లగా. “ఒక చెయ్యి కావాల్సొచ్చింది వాళ్ళకి. మీ చెయ్యి అడుగుతున్నారు.”

మాస్టారు కప్పు వైపే చూస్తూ కూర్చున్నాడు.

“అదిగో, మొదలెట్టింది,” అన్నారు అత్తగారు. “మంచి జరిగిన రోజైనా నోరు కట్టుకోవే తల్లీ. వీడు కాకపోతే ఇంకొకడు తడతాడు. ఎవరు తట్టినా పోయే పిల్లలు పోతారు.”

“పెద్ద మేడమ్ ఎందుకు తట్టనన్నారు మరి?”

“ఆవిడ తట్టనందని ఎవరన్నారు? మోకాలి నొప్పి.”

“అత్తయ్యా, నిన్న మార్కెట్లో ఆవిడ మీకంటే ముందు మెట్లెక్కేశారని మీరేగా గోడకి చెప్పారు. నేను విన్నాను.”

అత్తగారు గతుక్కుమన్నారు. గోడ నమ్మకద్రోహం చేసినట్టు దాని వైపు ఒక చూపు చూశారు.

“ఆవిడకి రిటైరయ్యే వయసు. ఆవిడ పంతాలకి పోవచ్చు. మీ ఇద్దరి జీతాలూ ఆ ఒక్క బడిలోనే ఉన్నాయి. ఆ సంగతి గుర్తుందా? కొరివితో తల గోక్కుంటానంటే నేనేం చెప్పను!”

“రేపు ఎవరు పోతారో తెలుసా మీకు? ఎందుకమ్మ పోతుంది.”

ఎందుకమ్మ అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండదు. కిటికీ పక్క చివరి బెంచీ. ఉప్పు నీళ్ళలో ఎక్కడికి పోతుంది టీచర్? ఎందుకు? అద్దంలో కుడి ఎడమవుతుంది గాని పైది కిందవదేం టీచర్? ఎందుకు? ఆ పిల్ల అడిగిన ప్రశ్నకి జవాబు కోసం ఆమె రెండుసార్లు తన కాలేజీ పుస్తకాలు దుమ్ము దులిపి తీసింది. సైన్సులో క్లాసుకి ఫస్టు. లెక్కల్లో మాత్రం గట్టెక్కడం లేదు.

“లెక్కల్లో తప్పేది నా దగ్గరే,” అన్నాడు మాస్టారు హఠాత్తుగా. “మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందని అడిగింది. అది అంతేనమ్మా, రాసుకో అన్నాను. తెలియకుండా ఎలా రాసుకోను సార్ అంది. పరీక్షలో ఆ లెక్క దగ్గరికి వచ్చి ఆగిపోయింది. పక్కన రాసింది కూడా, ‘ఇక్కడిదాకా తెలుసు’ అని.”

“చూశారా! అలాంటి పిల్లని...”

“చూశానుగా. అందుకే చెబుతున్నా.”

“చెప్పి ఏం చేస్తారు? రేపు వెళ్ళి తడతారా, తట్టరా? అది చెప్పండి.”

మాస్టారు బల్ల మీద పడ్డ బిస్కెట్టు పొడిని వేలితో కుప్ప చేయసాగాడు. అది చూస్తే ఆమెకి భయం వేసింది. పెళ్ళయ్యాక ఆయన మీద కోపం రావడం ఇదే మొదటిసారి. కోపంలో కూడా ఆయన చొక్కా బొత్తాం ఒకటి ఊడి వేలాడుతోందని కనబడటం, అది కుట్టాలనిపించడం ఇంకా కోపం తెప్పించింది.

బయట కారు ఆగిన చప్పుడైంది.

*

కరస్పాండెంటు గారు ఎప్పుడూ ఒకరింటికి ఖాళీ చేతులతో వెళ్ళరు. ఎప్పుడూ ఊరికే వెళ్ళరు కూడా. మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టి, గదిలో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీలో కూర్చున్నారు.

“ఏం టీచరమ్మా, మోకాళ్ళెలా ఉన్నాయి?” అని ముందు అత్తగారిని పలకరించారు. “మీ అబ్బాయిని ఎంత పెద్దవాణ్ణి చేశానో చూశారా?”

“మీ దయ బాబూ,” అన్నారు అత్తగారు. ఇల్లు తనదే అయినా గుమ్మం పక్కనే నిలబడ్డారు, పాత అలవాటు కొద్దీ.

కోడలు టీ తెచ్చి పెట్టింది. కప్పు సాసర్లో కాస్త గట్టిగానే కూర్చుంది.

“అభినందనలమ్మా. ఇక మీరు స్టాఫ్ మీటింగులో లేచి నిలబడితే మీ ఆయనకే జవాబు చెప్పుకోవాలి.” కరస్పాండెంటు గారు తన హాస్యానికి తానే నవ్వారు. “అయినా ఇంట్లో హెడ్మాస్టరెవరో నాకు తెలీదనుకున్నారా?”

“ఇంట్లో అత్తయ్య హెడ్మాస్టరండీ. మేమిద్దరం ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాం.”

అత్తగారికి నవ్వు తన్నుకొచ్చింది. దగ్గులోకి మార్చేశారు.

“మాస్టారూ,” కరస్పాండెంటు గారు అటు తిరిగారు. “ఇటుక ఇటుకా పేర్చి కట్టానా బడి. గేటు మీద ఆ నూటికి నూరు చూసి జనం పిల్లల్ని చేరుస్తారు. పిల్లలొస్తేనే మీకు జీతాలు. ఇందులో దాపరికం ఏముంది? పెద్ద మేడమ్‌ది గరుకు చెయ్యి. పోయినేడాది పిల్లలు ఏడ్చారు, వాళ్ళ నాన్నలు గొడవపడ్డారు. మీ చెయ్యి మెత్తనిది. మీరు తడితే ఎవడూ ఏడవడు. ఏరి కోరి మిమ్మల్నే అందుకే పెట్టాను.”

మాస్టారు తన అరచేతి వైపు చూసుకున్నాడు. సుద్దముక్క పట్టి పట్టి గీతల్లో తెల్లదనం ఎప్పటికీ పోని చెయ్యి.

“ఎవరెవరి భుజాలండీ?” అడిగింది ఆమె.

“మీరు చెప్పనన్నారుగా. ఇక మీకెందుకు?”

“మార్కులు దిద్దింది మేమే కాబట్టి. అందరికంటే తక్కువ వచ్చినవాళ్ళ భుజం తడతారంటే ఒక న్యాయం. మరి ముందు బెంచీలో రెండో పిల్లాడికి లెక్కల్లో ఎందుకమ్మ మార్కుల్లో సగం కూడా రాలేదు. వాడి భుజమో?”

కరస్పాండెంటు గారి కప్పు నోటి దగ్గరే ఆగింది.

ముందు బెంచీలో రెండో పిల్లాడు కరస్పాండెంటు గారి మనవడు. మూడేళ్ళుగా వాడి మార్కులు అందరికీ తెలుసు. ఆ మాట నోటి దాకా వచ్చి మింగేసుకున్నవాళ్ళే అంతా. పిల్లి మెడలో గంట కట్టేదెవరని ఎలుకలన్నీ తలొంచుకునే మీటింగుకి ఈ మూడు నెలల పెళ్ళికూతురు గంట పట్టుకునే వచ్చింది.

అత్తగారు గుమ్మం పట్టుకున్నారు. మాస్టారు తలెత్తి భార్యని చూశాడు. ఆ చూపులో మందలింపు ఉందేమోనని వెతికింది ఆమె. దొరకలేదు. ఏముందో మాత్రం అర్థం కాలేదు.

కరస్పాండెంటు గారు టీ మొత్తం తాగి, కప్పు చప్పుడు కాకుండా నెమ్మదిగా కింద పెట్టారు.

“వాడికి ట్యూషన్ పెట్టించానమ్మా. పరీక్ష నాటికి అందుకుంటాడు.”

“ఎందుకమ్మకీ పరీక్ష నాటికి అంతే వ్యవధి ఉందండీ.”

“అమ్మా,” గొంతులో తీపి తగ్గింది, “మీకు కొత్తగా పెళ్ళయింది. కొత్త సంసారం. ఒకే బడి, ఒకే స్కూటరు. రోజూ గేటు దగ్గర చూస్తుంటే నాకే ముచ్చటేస్తుంది. దాన్ని చేజేతులా పాడుచేసుకోకండి.”

బెదిరింపు అంత అందంగా మడిచి ఇవ్వచ్చని ఆమెకి అప్పటిదాకా తెలీదు.

ఆయన లేచారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

“మాస్టారూ, రేపు మొదటి పీరియడు. నేను కూడా వస్తాను. క్లాసు గుమ్మంలో నిలబడతాను, మీకు ధైర్యంగా ఉంటుంది. ఏమంటారు?”

“సరేనండి,” అన్నాడు మాస్టారు.

ఆమె గిరుక్కున తిరిగి ఆయన వైపు చూసింది.

*

కారు వీధి మలుపు తిరిగింది.

“సరేనండట!” ఆమె టీ కప్పులు దబదబా ఒకదాని మీద ఒకటి పెట్టింది. “ఆ మాట వినే మిమ్మల్ని చేసుకున్నాను. ఆ మాట వినే ఇవాళ తల తీసేసినట్టయింది.”

“కప్పులు పగుల్తాయే,” అన్నారు అత్తగారు.

“పగలనివ్వండి అత్తయ్యా! నేను ఒకటి నిశ్చయించుకున్నాను. రేపు హాజరు పిలిచాక వెళ్ళి ఎందుకమ్మ పక్కన బెంచీలో కూర్చుంటాను. కిటికీవైపు ఆ పిల్ల, దారివైపు నేను. ఆ పిల్ల భుజం అందాలంటే ముందు నా భుజం మీద చెయ్యి పడాలి. తట్టండి మాస్టారూ! నన్నూ కుట్టు గదికి పంపండి. మా నాన్నని పిలిపించి ‘మీ అమ్మాయిని ప్రైవేటుగా కాపురం చేయించండి’ అని చెప్పండి!”

చెబుతూనే చెంగుతో కళ్ళు తుడుచుకుంది. కానీ ఆఖరి మాటకి తనకే నవ్వొచ్చింది. కన్నీళ్ళూ నవ్వూ కలిసి ముక్కులోకి పోయి పొలమారింది. మాస్టారు గబుక్కున నీళ్ళ గ్లాసు తెచ్చి, నెత్తి మీద మెల్లగా తట్టాడు.

“తట్టకండి నన్ను!”

“సరే సరే.”

ఆయన కప్పులన్నీ తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళాడు. నీళ్ళు వదిలి ఒక్కొక్కటే తోమడం మొదలుపెట్టాడు. ఏదైనా లెక్క తెగనప్పుడు ఆయన ఇలాగే గిన్నెలు తోముతాడని ఆమెకి రెండో వారంలోనే తెలిసిపోయింది.

అత్తగారు బల్ల మీది మిఠాయి డబ్బా మూత తీయలేదు. దాని మీద కట్టిన దారం వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నారు.

“నా గదిలోనే కూర్చోబెట్టేవాళ్ళు,” అన్నారు ఎవరితోనో. గోడతో కాదు. “భుజం తట్టినవాళ్ళని. అమ్మలూ నాన్నలూ వచ్చేదాకా ఏడుస్తూ కూర్చోకూడదని బొత్తాల డబ్బా ముందు పోసేదాన్ని. రంగులవారీగా వేరు చేయండర్రా అనేదాన్ని. తలొంచుకుని వేరు చేసేవాళ్ళు. ఆ సాయంత్రం మళ్ళీ అన్నీ ఒక్క డబ్బాలోనే కలిపేసేదాన్ని. మరుసటేడు వచ్చేవాళ్ళకి పని ఉండాలిగా.”

ఆమె వచ్చి అత్తగారి పక్కన నేల మీద కూర్చుంది.

“నోరు మూసుకున్నాను కాబట్టే ఇల్లు గడిచిందే అమ్మాయ్. వీణ్ణి చదివించాను.”

“నాకు తెలుసు అత్తయ్యా.”

“తెలిసి కూడా ఆయన మనవడి మాట మొహం మీదే అనేశావు!” అత్తగారు దారం లాగేశారు. “ఆయన మొహం చూశావా? టీలో ఈగ పడ్డట్టు! నా సర్వీసు మొత్తంలో ఆ మొహం అలా అవగా చూడలేదే!”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఫక్కున నవ్వేశారు. అత్తగారు నవ్వుతూనే కళ్ళొత్తుకున్నారు.

సింకు దగ్గర నీళ్ళ చప్పుడు ఆగింది.

“అమ్మా, కుట్టు గది తాళంచెవి ఎవరి దగ్గరుంది?”

“నా దగ్గరే. నా తర్వాత కుట్టు టీచర్ని వేసిందెప్పుడు? ఎవరికీ అప్పగించలేదు. ఏటా ఆ రోజుకి గుమాస్తా వచ్చి అడిగి పట్టుకెళ్తాడు.”

“రేపు పొద్దున్న వస్తాడేమో.”

అత్తగారు లేచారు. గోడకి కొట్టిన మేకు నుంచి తాళంచెవి తీశారు. కాసేపు అరచేతిలో బరువు చూశారు. తర్వాత మిఠాయి డబ్బా మూత తెరిచి, మిఠాయిల కిందికంటా తాళంచెవిని దూర్చి, మూత గట్టిగా అదిమేశారు.

“పోయింది,” అన్నారు. “ఎప్పుడు పోయిందో ఏమో. ముసలిదాన్ని, గుర్తుండదు.”

“అత్తయ్యా!” ఆమె ఎగిరి ఆవిడ మెడ చుట్టుకుంది.

“వదలవే, మోకాళ్ళు! అయినా గదికి తాళం పడితే సరా? పిల్లల్ని చెట్టు కింద కూర్చోబెడతారు. వీడు సరేనన్నాడుగా ఆయన ముందు.”

మాస్టారు చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. ఆ మొహంలో ఆమె ఎరిగిన వెలుగొకటి కనబడింది. బోర్డు నిండా పూసల్లా అంకెలు పేర్చి, చివర ఒక్క గీతతో సగం కొట్టేసే ముందు వచ్చే వెలుగు.

“ఆయన గుమ్మంలో నిలబడతానన్నాడు. దానికే సరేనన్నాను. ఇంకేం అడగలేదుగా?”

అత్తాకోడళ్ళిద్దరూ నోరు తెరిచారు.

“నువ్వు బెంచీలో కూర్చుంటానన్నావే, అప్పుడే తట్టింది నాకు. ఆ పిల్ల కంటే ముందు నిన్ను తట్టాలి అన్నావు. అయితే నిన్నొక్కదాన్నే ఎందుకు? భుజం తడితే ఏమిటి రూలు?”

“పెద్దవాళ్ళు రావాలి.”

“ఎక్కడైనా రాసి ఉందా?”

“ఉండదు. అదే వాళ్ళ తెలివి.”

“రాసి లేని రూలు మార్చడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.” మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇందాక కరస్పాండెంటు గారు కూర్చున్న ఆ చేతుల కుర్చీలోనే. “రేపు మొదటి పీరియడు. ముందు బెంచీ, మొదటి పిల్లాడి దగ్గర మొదలుపెడతాను. భుజం తడతాను. రెండోవాడు, మనవడు. తడతాను. మూడోవాడు. అలా ఒక్కణ్ణి కూడా వదలకుండా చివరి బెంచీ దాకా. ఎందుకమ్మని కూడా. అందరి అమ్మానాన్నలూ రావాలి. గది చాలదు, మైదానంలో కూర్చుంటారు. వాళ్ళందరి ముందూ చెబుతాను. ఈ బడిలో చదివిన ప్రతి పిల్లా ఈ బడి నుంచే పరీక్ష రాస్తుంది. తప్పితే నా దగ్గర తప్పినట్టు లెక్క.”

వంటింట్లో పంపు చుక్క చుక్కగా కారుతున్న చప్పుడు వినబడింది. అత్తగారు దాన్ని కట్టేయమని గోడకి కూడా చెప్పలేదు.

“సాయంత్రానికి నిన్ను తీసేస్తార్రా,” అన్నారు చివరికి.

“తీసేయొచ్చమ్మా. ఒక్క రోజు హెడ్మాస్టర్ని. అయితే ఆ ఒక్క రోజూ రేపే కదా.”

ఆమె ఆయన చొక్కా కేసి చూసింది. బొత్తాం ఇంకా వేలాడుతూనే ఉంది. లేచి అత్తగారి సూదుల డబ్బా తెచ్చి, ఆయన ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, ఒంటి మీదున్న చొక్కాకే బొత్తాం కుట్టడం మొదలుపెట్టింది. హెడ్మాస్టరు రేపు బొత్తాం ఊడిన చొక్కాతో వెళ్ళకూడదు.

“కదలకండి. గుచ్చుకుంటుంది.” దారం లాగుతూ మెల్లగా అడిగింది, “ఆయన గుమ్మంలో నిలబడి ఉంటారు. మనవడి భుజం మీద చెయ్యి వెయ్యగానే లోపలికి వచ్చేస్తారు. అప్పుడేం చేస్తారు?”

మాస్టారు కదలకుండానే చెప్పాడు.

“రానీ. ఆయన భుజం కూడా నాకు అందే ఎత్తులోనే ఉంది.”